బాబ్లీ ఇసుకలో అంగారకుడి వాగులు

నాందేడ్ నుంచి బాబ్లీకి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరిపోవచ్చు. నాకు ముప్పై ఏళ్లు పట్టింది. తప్పు రైలుది కాదు, నాదే.

తిరిగొచ్చి నాలుగు రోజులైనా సంచీ దులిపినప్పుడల్లా గోదావరి ఇసుక రాలుతోంది. మా ఆయన చీపురు పట్టుకుని సణుగుతున్నారు. ఊడ్చి పారేయకండి, సీసాలో పోయండి అంటే నావంక అదోలా చూశారు. చూస్తే చూడనీ. ఇంత సంతోషంగా ఏ ఊరి నుంచీ నేను తిరిగిరాలేదు. మీరు వెళ్లలేదు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

నేను భూగోళం టీచర్ని. రిటైరై రెండేళ్లయింది. ఉద్యోగం మొదట్లో ధర్మాబాద్‌లో ఒక మరాఠీ బడిలో పనిచేశాను. ఏడో తరగతిలో గంగామణి అని ఒక పిల్ల ఉండేది. బాబ్లీలో గంగ ఒడ్డున చేపలు పట్టే ఇంటి పిల్ల. మా వైపు గోదావరిని ఎవరూ గోదావరి అనరు, గంగే. ఒకరోజు ఆ పిల్ల భజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్క ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. దాని మీద అంగారక గ్రహం ఫొటో. గుంటలు పడ్డ ఎండు నేల, ఆ నేల మీద మెలికలు తిరిగిన గీతలు.

"బాయీ, గీడ నీళ్లు పారినయి. గిట్ల కెల్లి గిట్ల పోయినయి," అంది వేలితో చూపిస్తూ. మరాఠీ బడుల్లో టీచరమ్మను బాయి అంటారు.

ఆ గీతల గురించి నాకు ఏమీ తెలియదు. తెలియదని చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. "ఎండు నేల బొమ్మల నీళ్లు ఎట్ల కనిపించినయే నీకు? పుస్తకంల లేనిది మాట్లాడకు," అని గద్దించి, గంట కొట్టేదాకా నిలబెట్టాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మరుసటి ఏడు ఆ పిల్ల బడికి రాలేదు. నాకు నాందేడ్‌కు బదిలీ అయింది.

రిటైరయ్యాక ఫోనులో ఏవేవో చూసే అలవాటు పట్టుకుంది. పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం అంగారకుడి ఫొటోలు కనిపించాయి. అవే గుంటలు, అవే మెలికలు. మూడు వందల కోట్ల ఏళ్లకు ముందెప్పుడో నీళ్లు పారి కోసిన దారులవి అని రాసి ఉంది. నేను పెట్టిన కేకకు మా ఆయన సబ్బు నురగతోనే బయటికి పరుగెత్తుకొచ్చారు. "ఆ పిల్ల చెప్పింది నిజమేనండీ!" అన్నాను. ఏ పిల్ల అని ఆయన అడిగితే చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

ఆ తరవాత నెలకే ధర్మాబాద్ బడి నుంచి పిలుపొచ్చింది, సైన్స్ ప్రదర్శనలో పిల్లలతో ఏదైనా మాట్లాడమని. అంగారకుడి వాగుల గురించి మాట్లాడతానన్నాను. కానీ ముందు బాబ్లీ పోవాలి, గంగామణి ఉంటే ఆమె మొహం మీదే చెప్పాలి, నువ్వు చెప్పింది నిజం, నేను చేసింది తప్పు అని. ఆమె అక్కడే ఉందో లేదో, ఉన్నా నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. నాలుగు ఫొటోలు పెద్దవిగా ప్రింటు తీయించి, నీళ్లు ఎటు పారాయో ఎర్ర స్కెచ్ పెన్నుతో బాణాలు గీసుకుని బయల్దేరాను. "వచ్చేటప్పుడు అంగారకుడి నీళ్లు ఒక బిందె తే," అన్నారు మా ఆయన.

ఉమ్రి

ఉమ్రిలో దిగాలని లేదు. రైలు ఆగినప్పుడు వేడి భజ్జీల వాసన వచ్చింది, అంతే. సంచీ, ఫొటోల చుట్ట చంకలో పెట్టుకుని దిగాను. భజ్జీల వాడు చిల్లర వెతికేలోపు రైలు తన దారిన తాను పోయింది.

తరవాతి బండి దాకా ఎక్కడ కూర్చోవాలా అని బజారులోకి నడిచాను. గిన్నెల దుకాణం ముందు ఒక ముసలి సేటు నా అవస్థ చూసి స్టూలు వేశాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబమట, తాతల నాటి నుంచి గిన్నెల వ్యాపారమేనట. అటుకుల పోహా తెప్పించాడు. మా నాందేడ్‌లో పోహా మీద ఎర్రటి పులుసు పోసి ఇస్తారు, ఉమ్రిలో పొడిగా ఇచ్చి పక్కన చట్నీ పెట్టారు. ఏది బాగుందని అడిగితే తిన్న ఉప్పుకు ద్రోహం చేయను.

"గా కాయితాలేంది బాయీ?" అన్నాడు సేటు. పరిచి చూపించి, అంగారకుడండీ, మంగళ్ గ్రహం అన్నాను. సేటు గబుక్కున చెప్పులు విప్పాడు.

"నా జాతకంల గూడ మంగళ్ కూసున్నడు. అందుకే నలభై ఏండ్లకు గాని పెండ్లి గాలే. మా ఇంటామె జాతకంల గూడ ఉన్నడు. ఇద్దరు కలిసి నా నోరు మూయించిండ్రు," అన్నాడు. ఇద్దరంటే మంగళ్, ఇంటామె. ఏ పూజ చేస్తే నోరు తెరుచుకుంటుందో చెప్పమన్నాడు. నేను జ్యోతిష్యం చెప్పేదాన్ని కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ వాదనలో నా మోచేయి తగిలి చట్నీ గిన్నె ఫొటో మీద బోర్లా పడింది. పచ్చటి చట్నీ అంగారకుడి మీద మెల్లగా పాకింది. తుడిచినా మరక పోలేదు, కొత్త వాగు ఒకటి పుట్టింది.

సేటు కంగారు పడ్డాడు, నేను నవ్వాను. అంతసేపు కూర్చోబెట్టినవాడి దగ్గర ఏమీ కొనకుండా లేవడం బాగుండదని, రొట్టెల పిండి కలిపే వెడల్పాటి పరాతు ఒకటి తీసుకున్నాను. ఆరు వందలు చెప్పి నాలుగు వందల యాభైకి ఇచ్చాడు. దాన్ని మోసుకుంటూ రైలెక్కుతుంటే నాకే అనిపించింది, అంగారకుడి గురించి మాట్లాడటానికి పోయే మనిషికి పరాతు ఎందుకని.

బాబ్లీ

ధర్మాబాద్‌లో ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు అద్దంలోంచి పరాతును, ఫొటోల చుట్టను, నన్ను మార్చి మార్చి చూసి, పెళ్లి వంటలకా అని దక్కనీలో అడిగాడు. అంగారకుడి మీద నీళ్లు పారిన సంగతి చెప్పాను. బాబ్లీ దగ్గర గోదావరికి అడ్డంగా బ్యారేజీ తలుపులు కట్టినప్పటి నుంచి ఇవతల మహారాష్ట్ర వాళ్లకూ అవతల తెలంగాణ వాళ్లకూ నీళ్ల పంచాయితీ ఉండనే ఉంది. ఆయన కాసేపు ఆలోచించి, "వహాఁ భీ గేట్ బంద్ కర్ దియే క్యా?" అన్నాడు. అక్కడ కూడా తలుపులు మూసేశారా అని. దారంతా ఇద్దరం నవ్వుకున్నాం.

ఊళ్లో గంగామణి అని అడగగానే చూపించారు. రేకుల ఇల్లు, ముందు వలలు ఆరేసి ఉన్నాయి. నలభై దాటిన మనిషి, నడుముకు కొంగు బిగించి పుచ్చకాయలు లెక్కపెడుతోంది. నన్ను చూసి చేతిలో కాయ కింద పెట్టింది.

"భూగోల్ బాయి!" అంది. "అచ్చిండ్రా బాయీ? లోపలికి రాండ్రి, ఎండల నిలబడ్డరేంది?"

నేను వెంటనే మొదలుపెట్టబోయాను. ఆమె వినలేదు. ముందు చెంబుతో నీళ్లు, చిన్న గిన్నెలో బెల్లం ముక్క తెచ్చింది. మా నాందేడ్‌లో ఇంటికి ఎవరొచ్చినా ఇప్పుడు టీయే. ఇక్కడ ఇంకా బెల్లం, నీళ్లు.

"నోట్లె ఏసుకోండ్రి బాయీ. మా అత్త ఉన్నప్పటి కెల్లి గిదే మర్యాద. బెల్లం పెట్టినంక ఆ ఇంట్ల సుట్టాన్ని చేదు మాట అనొద్దు," అంది. ఎంత మంచి ఆచారమో అనుకుంటూ బెల్లం కొరికాను.

అప్పుడు చెప్పాను. పేపరు ముక్క, గీతలు, నా గద్దింపు, గంట కొట్టేదాకా నిలబెట్టడం, అన్నీ. "నువ్వు జెప్పిందే నిజం గంగామణీ. నాకు తెల్వక నిన్ను అందరి ముందట నిలబెట్టిన. నన్ను మన్నించు," అన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గంగామణి కొంచెంసేపు నేల చూసింది. "నాకైతే యాదికి లేదు బాయీ. బడి మానింది మీ వల్ల గాదు. నానకు బాగలేకుండె, గంగల పుచ్చకాయల తోట జూసేటోళ్లు లేకుండె," అంది.

గుండె మీద బరువు దిగిపోయింది. నిజం చెప్పాలంటే కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. ముప్పై ఏళ్లు నేను మోసిన మూటను ఆమె ఎప్పుడో పారేసిందన్నమాట.

జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల ఠేచా, గంగ చేపల కూర పెట్టింది. ఆ కూర కోసమే మళ్లీ పోవచ్చు. తిన్నాక ఫొటోలు మంచం మీద పరిచాను. గంగామణి చేతులు కడుక్కొచ్చి వంగి చూసింది. ఏడో తరగతి పిల్ల చూసినట్టే చూసింది. ముందుగా ఒక గీత మీద వేలు పెట్టింది.

"గిది నీళ్లు గాదు. ఏందో చిక్కటిది మెల్లగ పాకింది. నీళ్లయితె గింత లావు అంచులు కట్టయి."

అది ఉమ్రి చట్నీ. నేను ఎగిరి గంతేశాను. అంగారకుడి మీద కొన్ని గీతలు నీళ్లవి కావు, అగ్నిపర్వతాల నుంచి పారిన చిక్కటి లావావి అని ఫోనులో చదివాను. రెంటినీ ఎట్లా వేరు చేస్తారో అర్థం కాలేదు. ఈమె చట్నీ మరక చూసి చెప్పేసింది.

తరవాత నా బాణాల మీద వేలు ఆగింది. "గివి ఎవలు గీసిండ్రు?"

"నేనే."

"ఉల్టా గీసిండ్రు బాయీ."

నాకు కొంచెం పౌరుషం వచ్చింది. పై నుంచి కిందికి గీశాను. వాగు సన్నగా మొదలై పోనుపోను వెడల్పవుతుంది కదా? ఆ ఫొటోలో వాగు మధ్య కన్నీటి బొట్టులాంటి దిబ్బలున్నాయి. వాటి సన్నటి కొనలు పైకి, గుండ్రటి వైపు కిందికి ఉన్నాయి. నీళ్లు సన్నటి కొన నుంచి దిగాయనుకున్నాను. పైగా ముప్పై ఏళ్లు గోడ మీద పటం వేలాడదీసి పాఠం చెప్పినదాన్ని. పటంలో కింద ఉన్నది పల్లం అని చేతికి అలవాటైపోయింది.

"లావుగున్నది తల. నీళ్లు వచ్చి తలకు తాకుతయి, రెండు పాయలైతయి, ఎనకకు పోయి కలుస్తయి. కలిసిన కాడ తోక. తల కాడ తోట ఏస్తె గంగల కలుస్తది. తోక కాడ ఒండు ఆగుతది, గాడ ఏస్తెనే కాయ కాస్తది," అంది. "మా నాన మాకు నేర్పిన మొదటి ముచ్చట గిదే. గిది తప్పితె ఏడాది తిండి పోతది."

అంటే నీళ్లు ఫొటోలో కింది నుంచి పైకి పోయాయి. ఫోనులో చూసి తేల్చుకుందామంటే ఆ ఇంట్లో సిగ్నల్ లేదు.

గంగలో

తెల్లారగానే గంగామణి నన్ను లేపింది. ఏటా ఎండలు ముదరక ముందు ఒకసారి తలుపులు కొద్దిగా ఎత్తి కిందికి నీళ్లు వదులుతారు. ఆ రోజు అదేనట. నీళ్ల దారిలో ఉన్న కాయలన్నీ ముందే తెంపేశారు. తోట మాత్రం ఒక పొడుగాటి దిబ్బ తోకలో, తడి ఒండులో పచ్చగా ఉంది. ఇసుకలో బారుగా గుంటలు తీసి, ఎరువు వేసి, గింజలు నాటి, చుట్టూ కంప నాటారు. ఏటా తోట చోటు మారుతుందట. వానాకాలం పోగానే దిబ్బలు ఎక్కడ తేలాయో, తల ఎటు, తోక ఎటు అని చూసి చోటు ఎంచుకుంటారు. తొలి కాయ గంగకే.

దారిలో గులకరాళ్ల చాలు ఒకటి చూపించింది. పడిపోయిన పుస్తకాల వరసలా రాళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి పడుకున్నాయి. "తల ఎటు ఒరిగితె నీళ్లు అటు పోయినట్టు. నీళ్లు పోయి నూరేండ్లయినా రాయి అబద్ధం చెప్పది," అంది. అంగారకుడి మీద కూడా గుండ్రటి గులకరాళ్లు దొరికాయి, యంత్రం పోయి ఫొటో తీసింది అని చెప్పాను. గంగామణి ఆగిపోయింది. "గుండ్రంగ ఉన్నయా? నిజంగ? అయితె ఇంకేం అడిగేది ఉంది బాయీ, రాయి ఊకె గుండ్రమైతదా!" అంది. ఇద్దరం నది నడుమ నిలబడి చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం.

అప్పుడే నీళ్లు వచ్చాయి. హోరుగా వస్తాయనుకున్నాను. లేదు. ఎండు ఇసుక మీద ఒక సన్నటి నాలుక, ముందర నురగ, గడ్డిపరకలు, దాని కన్నా ముందు పారిపోతున్న చీమలు. కాసేపు ఆగుతుంది, ఇసుక తాగుతుంది, మళ్లీ కదులుతుంది. వెనక నుంచి ఇంకో పాయ వచ్చి తోస్తుంది. మా ఎదుట ఒక చిన్న మట్టిగడ్డకు తాకి రెండుగా చీలింది, అవతల కలిసింది. కలిసిన చోట చూస్తుండగానే ఇసుక సన్నటి తోకగా నిలిచింది. ఫొటోలో నేను తలకిందులుగా చదివిన బొమ్మ నా కాళ్ల ముందు తయారవుతోంది!

నేను ఆ నీళ్ల పక్కనే పరుగెత్తాను. అరవై ఏళ్ల మనిషి పరుగెత్తితే ఏమవుతుందో అదే అయింది. తడి ఇసుకలో కాలు దిగబడింది, చెప్పు ఊడింది, గంగ దాన్ని ఎత్తుకుపోయింది. "తెలంగాణకు పోయింది బాయీ, ఇగ రాదు," అంది గంగామణి కడుపు పట్టుకుని నవ్వుతూ.

కట్ట మీదికి ఎక్కితే సిగ్నల్ దొరికింది. తడి చేతులతో వెతికాను. నా ఫొటోలోని వాగులో నీళ్లు ఉత్తరానికి పారాయి. ఉత్తరం అంటే పటంలో పైకి. గంగామణి చెప్పిన వైపే.

"రేపు బడికి నువ్వు గూడ రావాలె," అన్నాను.

"నేనా? ఏడో తరగతి అవతలికి పోలే బాయీ."

"నేను మళ్ల తప్పు చెప్తె ఎవలు దిద్దాలె?"

ఇంటికొచ్చాక ఆమె గోడకు ఆనించిన నా పరాతును వేలితో కొట్టి చూసి, "గిది పనికొస్తది. ఒక సంచి ఇసుక పట్టుకుందాం," అంది.

ధర్మాబాద్ బడి

నేను పనిచేసిన గదే. కిటికీలు మారాయి, పిల్లలు అంతే అల్లరి. సగం మందికి ఇంట్లో తెలుగు, కాబట్టి మాట మరాఠీలో మొదలై తెలుగులోకి, తెలుగులో మొదలై మరాఠీలోకి పోతూ వచ్చింది. నేను ఫొటోలు చూపించి, బాణాలు తప్పు గీశానని ముందే ఒప్పేసుకున్నాను. వెనక బెంచీల నుంచి చప్పట్లు. టీచరు తప్పు చేస్తే పిల్లలకు ఎప్పుడూ పండగే.

గంగామణి మొదట చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ నిలబడింది. పరాతులో ఇసుక పోసి, ఒక పక్క ఇటుక పెట్టి, చెంబుతో నీళ్లు వదలడం మొదలుపెట్టాక ఆమె గొంతు మారింది. "జూడుండ్రి, నీళ్లు తొందరపడయి. ముందు దారి ఎతుక్కుంటయి." పిల్లలు బల్లలెక్కారు. ఇసుక మీద వాగు కోసుకుంది, దిబ్బ లేచింది, తోక సాగింది. ఎవరైనా అడగండి అని నేనన్నాను.

మూలలోంచి ఒక సన్నటి పిల్ల చెయ్యెత్తింది. "నీళ్లు పారేటప్పుడు అంగారకుడి మీద ఎవరన్నా ఉండిరా, చూసేటందుకు?"

క్లాసంతా నవ్వింది. పిల్ల మొహం వాడిపోయింది, కూర్చోబోయింది. నా నాలుక మీదికి పాత మాట వచ్చేసింది, అది ఇవాళ్టి పాఠంలో లేదు అని. ముప్పై ఏళ్ల అలవాటు. గంగామణి వైపు చూశాను. ఆమె ఆ పిల్లను చూడటం లేదు. చెంబు పట్టుకుని నన్నే చూస్తోంది.

"మంచి ప్రశ్న," అన్నాను. "నాకు తెల్వదు. ఇంకా ఎవరికీ తెల్వదు. గది తెలుసుకునేటందుకే అక్కడికి యంత్రాలు పంపుతున్నరు."

నవ్వు ఆగిపోయింది. క్లాసులో నాకు తెలియదు అనడం నాకు అదే మొదటిసారి. గది కూలలేదు. పైగా ఒకేసారి పది చేతులు లేచాయి.

తిరుగు రైలు

గంగామణి నన్ను స్టేషను దాకా దిగబెట్టింది. పరాతు ఆమెకే ఇచ్చేశాను, బదులుగా నా చేతిలో ఒక పుచ్చకాయ పెట్టింది. రైలొచ్చింది. ఎక్కి, సీటులో సంచీ పెట్టి, మళ్లీ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఆమె ప్లాట్‌ఫారం మీద నుంచి తలెత్తి నన్ను చూసింది.

"బాయీ, ఇయ్యాల అన్న మాట ఆ దినం గూడ అంటె అయిపోవు గద," అంది. "నాకు తెల్వదు అని."

"యాదికి లేదంటివి?" అన్నాను.

"ఇంట్ల బెల్లం పెట్టిన గద బాయీ. ఎట్ల అంట?"

ఆమె గొంతులో కోపం లేదు. కానీ అంతా గుర్తుంది. పేపరు ముక్క, నవ్వు, నిలబడ్డ కాళ్ల నొప్పి, అన్నీ గుర్తున్నాయని ఆ కళ్లలో కనిపించింది. ఏడుపొచ్చింది నాకు. తలుపు కమ్మీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. రైలు కూత వేసింది. చక్రాలు కదిలాయి. గంగామణి రెండడుగులు రైలు వెంట నడిచి, నవ్వింది.

"గంట కొట్టిండ్రు బాయీ," అంది. "ఇగ కూసోండ్రి."

పోయి కూర్చున్నాను.